తొమ్మిదో తరగతికి గుంటూరు మారుస్తున్నాం – స్కూలు వాళ్లిచ్చిన నాలుగు పేజీల రూల్స్ మీద సందేహాలు

కొరిటెపాడు నాన్న (మే 24)

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నేను గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో గుమస్తాని. రోజూ తిరగలేక జూన్‌లో కాపురం కొరిటెపాడుకి మారుస్తున్నాం. అమ్మాయి ఊళ్లో జడ్పీ హైస్కూల్లో ఎనిమిది పూర్తి చేసింది.

కొత్త ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు స్కూలుకి వెళ్లాం. అప్లికేషన్‌తో పాటు నాలుగు పేజీల రూల్స్ ఇచ్చి ప్రతి పేజీ కింద సంతకం పెట్టమన్నారు. రెండు జడలు మడిచి కట్టాలి, నల్ల రిబ్బనే కట్టాలి, నూనె రాయాలి. పుట్టినరోజున చాక్లెట్లు పంచకూడదు. ఫోన్ దొరికితే వార్షిక పరీక్షలయ్యేదాకా ఇవ్వరు. 9, 10 తరగతులకు సాయంత్రం ఆరున్నర దాకా స్టడీ అవర్, ఆదివారం పొద్దున టెస్టు. ఇవన్నీ ఎలాగో సర్దుకుంటాం. మూడో పేజీలో మాత్రం 'ఆటల పీరియడ్ ఎనిమిదో తరగతి వరకు మాత్రమే' అని ఉంది. యాక్టివిటీ ఫీజు అందరికీ ఉంది!

మా అమ్మాయి ఖోఖో ఆడుతుంది. పోయినేడు మండలం జట్టులో ఉంది. ఆ పేజీ చూసినప్పటి నుంచి ఇంట్లో మాట్లాడటం లేదు. సంతకం ఇంకా పెట్టలేదు, సోమవారం లోపు చెప్పమన్నారు. మీ ఊళ్లలో అన్ని చోట్లా ఇంతేనా?

మిర్చి యార్డ్ (మే 24)

అన్నా, అన్ని చోట్లా ఇంతే. నువ్వు చెప్పిన రూల్స్‌లో నాకు తప్పేం కనపడలా. మా వాడు స్టడీ అవర్ లేకపోతే పుస్తకం ముట్టడు. ఇంట్లో నేనూ వాళ్లమ్మా అరిచి అరిచి గొంతు పోగొట్టుకునేవాళ్లం. ఆ పని ఇప్పుడు స్కూలు వాళ్లు చేస్తున్నారు, దానికే డబ్బులు కడుతున్నాను అనుకుంటా. ఖోఖో సెలవుల్లో ఆడుకోవచ్చు.

టెన్త్ బాధితుడు (మే 24)

అంకుల్, మీ వాడి తరఫున ఒక మాట. సాయంత్రం నాలుగున్నర తర్వాత స్టడీ అవర్లో ఎవరూ చదవరు. పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంటాం, అంతే. వెనక బెంచీల్లో నోట్‌బుక్ చివరి పేజీలో క్రికెట్ నడుస్తుంది. సార్ కూడా పేపర్లు దిద్దుకుంటుంటారు, ఆయన మాత్రం ఏం చేస్తారు పాపం, పొద్దున ఏడింటి నుంచీ అక్కడే ఉన్నారు. మొన్న మార్చిలో టెన్త్ రాశాను. పాసయ్యాను లెండి, పేరు అలా ఉండిపోయింది.

బెజవాడ అమ్మ (మే 24)

బాధితుడు బాబూ, క్రికెట్ సంగతి మా ఇంట్లోనూ తెలిసింది. నోట్‌బుక్ చివరి పేజీలన్నీ స్కోరు బోర్డులే.

కొరిటెపాడు గారూ, మాది పటమట. మా పెద్దదాని స్కూల్లో పదో తరగతికి కూడా వారానికి రెండు ఆటల పీరియడ్లు ఉన్నాయి, టైంటేబుల్ మీద. నవంబరు దాటాక అవి లెక్కల సారుకి, ఫిజిక్స్ సారుకి పోతాయి. అడిగితే 'సిలబస్ అవ్వలేదండి' అంటారు. కాబట్టి పీరియడ్ ఉందా అని ఒక్కటే అడగొద్దు. పోయినేడు జనవరిలో ఎన్నిసార్లు గ్రౌండ్‌కి తీసుకెళ్లారో అడగండి. టీచర్లు చెప్పకపోయినా గేటు దగ్గర పిల్లలు చెప్పేస్తారు.

చాక్‌పీస్ (మే 24)

నేను మంగళగిరి వైపు ఒక జడ్పీ హైస్కూల్లో తెలుగు చెబుతాను.

జడల రూల్ గురించి నవ్వుకుంటారు గానీ దాని వెనక సగం కారణం పేలు, సగం పాత అలవాటు. నూనె రాయలేదని అమ్మాయిని అసెంబ్లీలో నిలబెట్టడం మాత్రం నాకు నచ్చదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. నలుగురిలో నిలబెట్టి జుట్టు గురించి మాట్లాడటం ఏ కోవకి వస్తుందో పెద్దగా ఆలోచించక్కర్లేదు.

ఫోన్ సంగతికి వస్తే, మన రాష్ట్రంలో 2023 ఆగస్టు నుంచి పిల్లలు బడికి ఫోన్ తేకూడదు. మేమూ క్లాసులోకి తీసుకెళ్లకూడదన్నారు. అదే ఫోన్‌లో మా హాజరు ముఖం చూపించి వేయాలి. ఒక దశలో బడి మరుగుదొడ్ల ఫొటోలు కూడా మేమే తీసి పెట్టాం. బీఎడ్‌లో ఆ పేపర్ లేదు. సరే, పిల్లల ఫోన్ దొరికితే ఆ సాయంత్రమో మర్నాడో తల్లిదండ్రుల్ని పిలిచి వాళ్ల చేతికివ్వడం పద్ధతి. ఏడాది చివరిదాకా బీరువాలో పెట్టుకోవడం ఎందుకో నాకు అర్థం కాదు. పోతే ఎవరు జవాబుదారీ?

మిర్చి యార్డ్ (మే 24)

టీచర్ గారూ, భయం లేకపోతే ఎట్లా అండీ? మర్నాడే ఇచ్చేస్తే మూడో రోజు మళ్లీ తెస్తాడు.

చాక్‌పీస్ (మే 24)

తెస్తాడు. మళ్లీ మిమ్మల్ని పిలుస్తాం. రెండోసారి యార్డులో పని మానుకుని రావాల్సి వస్తే ఇంట్లో మీరే చూసుకుంటారు, మా బీరువాతో పనుండదు.

నిర్వాహకుడు (మే 25)

చర్చ బాగుంది. ఒక్క మనవి, ఫిర్యాదులు రాసేటప్పుడు స్కూళ్ల పేర్లు, టీచర్ల పేర్లు వద్దు. పైన ఒక పోస్టులో పేరు తీసేశాను.

సింగ్‌నగర్ గృహిణి (మే 25)

ఇక్కడే అడగొచ్చా తెలియదు. మా బాబు ఏడు పూర్తి చేశాడు, ప్రైవేటు స్కూలు. ఇక కట్టలేక మున్సిపల్ హైస్కూల్లో ఎనిమిదిలో వేద్దామనుకుంటున్నాం. టీసీ అడిగితే రెండేళ్ల కిందటి బస్సు ఫీజు బాకీ ఉందంటున్నారు. మేము కట్టేశాం. కానీ 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ఇంట్లోకి వచ్చినప్పుడు నడుము దాకా నీళ్లు. రశీదులు, పుస్తకాలు, బాబు ప్రోగ్రెస్ కార్డులు అన్నీ పోయాయి. ఇప్పుడు రశీదు చూపిస్తేనే టీసీ అంటున్నారు. ఏం చెయ్యాలి?

నల్లకోటు (మే 25)

అమ్మా, బాబుకి పద్నాలుగు నిండలేదు, ఎనిమిదిలో చేరుతున్నాడు కాబట్టి విద్యాహక్కు చట్టం (2009) మీకు నేరుగా వర్తిస్తుంది. 5వ సెక్షన్ చూడండి. పిల్లవాడు ప్రభుత్వ లేదా ఎయిడెడ్ (సర్కారు గ్రాంటుతో నడిచే) బడికి మారతానంటే పాత బడి హెడ్మాస్టరు వెంటనే టీసీ ఇవ్వాలి. ఇంకో ముఖ్యమైన మాట కూడా అందులోనే ఉంది. టీసీ రావడం ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోను అనకూడదు. అంటే మీరు మున్సిపల్ స్కూలుకి వెళ్లి చేర్పించేయొచ్చు, టీసీ తర్వాత వస్తుంది. ఫీజు బాకీ ఉందా లేదా అన్నది వేరే తగాదా. దానికి పిల్లవాడి చదువుని తాకట్టు పెట్టుకోవడానికి లేదు.

టీసీ కావాలని ఒక తెల్లకాగితం మీద తేదీ వేసి దరఖాస్తు రాయండి. రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అప్పటికీ కదలకపోతే ఆ కాపీతో ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుకి వెళ్లండి.

తొమ్మిది, పది చదివేవాళ్లు ఇదే సెక్షన్ పట్టుకుని వెళ్లొద్దు. ఈ చట్టం ఎనిమిదో తరగతి వరకే.

ఆఫీసు రూము (మే 25)

సింగ్‌నగర్ అమ్మగారూ, రశీదు పోతే పోయింది. రశీదు పుస్తకంలో వాళ్ల దగ్గర రెండో ప్రతి ఉంటుంది, రోజువారీ వసూలు రాసే రిజిస్టరు ఉంటుంది. 'మీ పుస్తకం తీసి చూడండి' అని మర్యాదగానే అడగండి. ఫోన్‌పేలోనో బ్యాంకులోనో కట్టుంటే స్టేట్‌మెంట్ తీయించండి.

నేను ఒక ఎయిడెడ్ హైస్కూల్లో గుమస్తాగా చేసి రిటైరయ్యాను. ఈ కాగితాలే నా బతుకు. కొరిటెపాడు వారికి ఒక ప్రశ్న. మీ అమ్మాయి ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష రాసిందా?

కొరిటెపాడు నాన్న (మే 25)

రాసిందండి. సెలక్టయింది కూడా. లెక్కల మాస్టారు దగ్గరుండి చెప్పించారు. ఎందుకు అడిగారు?

ఆఫీసు రూము (మే 25)

అయితే ఆ నాలుగు పేజీల మీద సంతకం పెట్టకండి. ముందు ఇది చదవండి.

ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ ఏడాదికి 12,000 రూపాయలు, తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా. మొత్తం 48,000. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఇవన్నీ మీకు మాస్టారు చెప్పే ఉంటారు. చాలామంది వదిలేసే సంగతి ఇంకోటుంది. పిల్ల చదివే బడి ప్రభుత్వానిదో, జడ్పీదో, మున్సిపాలిటీదో, ఎయిడెడో అయ్యుండాలి. ప్రైవేటు బడిలో చేరిన రోజున స్కాలర్‌షిప్ పోయినట్టే. కేంద్రీయ విద్యాలయాలకి, నవోదయలకి కూడా లేదు. తొమ్మిదిలో చేరిన బడి ద్వారానే జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్లో దరఖాస్తు పెట్టాలి, ఆ తర్వాత ఏటా రెన్యువల్. పదిలో 60 శాతం తెచ్చుకుంటేనే ఇంటర్‌కి కొనసాగుతుంది, ఎస్సీ ఎస్టీలకి 5 శాతం సడలింపు.

మా బడిలో ఏటా ఒకరిద్దరు ఎనిమిది అవగానే కార్పొరేట్ స్కూలుకి వెళ్లేవాళ్లు. ఫిబ్రవరిలో వచ్చి 'డబ్బులు పడలేదు సార్' అనేవాళ్లు. అప్పుడు నేను చేయగలిగింది ఏమీ ఉండేది కాదు.

కొరిటెపాడు నాన్న (మే 25)

అమ్మో. ఈ ముక్క మాకు ఎవరూ చెప్పలేదండి. స్కూలు వాళ్లకి స్కాలర్‌షిప్ సంగతి చెప్పాను కూడా. 'చాలా మంచిది, తెలివైన పిల్ల' అన్నారు గానీ ఇది పోతుందని అనలేదు.

మిర్చి యార్డ్ (మే 25)

వాళ్లెందుకు చెబుతారన్నా. కానీ ఒకటి ఆలోచించు. 12,000 కోసం పదో తరగతి పాడు చేసుకుంటావా? గవర్నమెంట్ బడిలో ఎవరు పట్టించుకుంటారు?

చాక్‌పీస్ (మే 25)

మిర్చి యార్డ్ గారూ, మీ అబ్బాయి బడిలో లైబ్రరీ చూశారా ఎప్పుడైనా?

అడిగింది ఊరికే కాదు. మా బడిలో నేను చేరినప్పుడు లైబ్రరీ అంటే స్టాఫ్ రూములో ఒక బీరువా. అద్దంలోంచి పుస్తకాలు కనిపిస్తాయి, తాళం ఎవరి దగ్గరుందో తెలియదు. చివరికి తెరిస్తే కొన్ని కట్టలకి పురికొస కూడా విప్పలేదు. ఇప్పుడు శనివారాలు వరండాలో ఈ గోడ నుంచి ఆ గోడకి తాడు కట్టి పుస్తకాలు దండెం మీద వేసినట్టు వేలాడదీస్తాం. నచ్చింది తీసుకుంటారు. కొన్ని తిరిగి రావు, రాకపోయినా నేను లెక్క అడగను. ఆరో తరగతి వాళ్లు బొమ్మల పుస్తకాల కోసం కొట్టుకుంటారు. తొమ్మిది వాళ్లు మొదట బింకంగా ఉండి పీరియడ్ అయిపోయే ముందు వచ్చి తీసుకుంటారు.

మా బడి గొప్పదని చెప్పడం కాదు. మాకు ఫిజిక్స్ టీచర్ ఏడాదిన్నర లేరు. అది కూడా రాస్తున్నాను. కానీ 'ఎవరు పట్టించుకుంటారు' అన్నమాట మాత్రం చూసి అనండి.

మిర్చి యార్డ్ (మే 25)

సరే టీచర్ గారూ, ఆ మాట వెనక్కి తీసుకుంటా. ఫిజిక్స్ టీచర్ లేకపోవడం గురించి మీరే రాశారు గదా, నా భయం అదే.

పాత పీటీ (మే 26)

ఖోఖో అన్నారు కాబట్టి వచ్చాను. నలభై ఏళ్ల కింద గుంటూరులో ఆడినవాణ్ణి, తర్వాత పీఈటీగా చేశాను.

తొమ్మిదిలోకి వచ్చిందంటే ఇక అండర్ 17లో ఆడుతుంది. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు అండర్ 14, 17, 19 అని మూడు వయసుల్లో జరుగుతాయి. మండలం నుంచి జిల్లా, జిల్లా నుంచి రాష్ట్రం. ఎంట్రీ ఫారం మీద హెడ్మాస్టరు సంతకం, ముద్ర ఉండాలి. వ్యక్తిగతంగా వెళ్లి ఆడతానంటే కుదరదు, స్కూలు పంపాలి. అంటే తొమ్మిదిలో ఆటలు లేవన్న స్కూలు మీ పిల్లని సెలక్షన్స్‌కి కూడా పంపదు. సెలవుల్లో ఆడుకోవచ్చు అని పైన ఒకాయన అన్నారు, సెలవుల్లో సెలక్షన్స్ జరగవు నాయనా.

ఇంకో సంగతి చెబుతా. ఖోఖోకి పెద్ద గ్రౌండ్ కూడా అక్కర్లేదు. రెండు పోల్స్, ఎనిమిది మంది కూర్చునే గళ్లు, సున్నం. మేం బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో చోటు దొరక్కపోతే పక్క వీధిలో గీసుకునేవాళ్లం. గ్రౌండ్ లేదని చెప్పే స్కూళ్లు మనసు లేదని చెబితే సరిపోతుంది.

టెన్త్ బాధితుడు (మే 26)

పాత పీటీ సార్, చివరి లైన్ మా ప్రిన్సిపల్‌కి పంపనా?

పాత పీటీ (మే 26)

టీసీ తీసుకున్నాక పంపు.

బెజవాడ అమ్మ (మే 26)

🙂

ఎయిడెడ్ స్కూళ్లు చూడండి కొరిటెపాడు గారూ. గుంటూరులో పాతవి చాలానే ఉన్నాయి. గవర్నమెంటు, ఎయిడెడ్ బడుల్లో మధ్యాహ్న భోజనం కూడా ఉంటుంది, ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరుతో. మా పనమ్మాయి కూతురు వారంలో చిక్కీ ఇచ్చే రోజులు నోటికి చెబుతుంది. సగం దాచి తమ్ముడికి తెస్తుంది.

అద్దె ఇల్లు ఖాయం చేశారా? బడి ఎటు వైపు వస్తుందో చూసుకుని చేయండి.

కొరిటెపాడు నాన్న (మే 26)

అడ్వాన్సు ఇచ్చేశానండి. అదే ఇప్పుడు చిక్కు. తెలిసినాయన ఒక బాలికల ఎయిడెడ్ హైస్కూలు చెప్పారు, అది కొత్తపేట వైపు. మాకు రైల్వే లైను అవతల. శంకర్ విలాస్ దగ్గర పాత వంతెన పడగొట్టి కొత్తది కడుతున్నారు కదా, మూడు వంతెనల కిందగానో కంకరగుంట మీదగానో తిరిగి పోవాలి. పొద్దున ఎనిమిదిన్నరకి ఆ రద్దీలో ఆటోలో ఆడపిల్లని ఎలా పంపాలి అని వాళ్లమ్మ భయం.

గేర్ బాక్స్ (మే 26)

స్కూలు ఆటో నడుపుతా, అరండల్‌పేట నుంచి. ముగ్గురు కూర్చునే చోట తొమ్మిది మందిని ఎక్కించే ఆటో వద్దు. డ్రైవర్ పక్కన పిల్లలు కూర్చుంటే అస్సలు వద్దు. నెలకి రెండొందలు తక్కువని మీరే అలాంటి ఆటో మాట్లాడతారు, తర్వాత మమ్మల్ని తిడతారు. అదే రూట్లో నలుగురు అమ్మానాన్నలు కలిసి ఒక ఆటో మాట్లాడుకోండి.

స్కూలు బస్సయితే ఫిట్‌నెస్ అడగండి. బడి బస్సుల ఫిట్‌నెస్ ఏటా మే 15కి అయిపోతుంది. జూన్ 12న తెరిచే లోపు మళ్లీ చేయించాలి. జూన్ నెలాఖరు దాకా పాతదాంతోనే తిప్పేవాళ్లు ఉన్నారు.

ఆఫీసు రూము (మే 27)

బడి ఏదైనా కానివ్వండి, తొమ్మిదిలోనే సరిచూసుకోవాల్సినవి చెబుతా. పదిలో నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) పంపేటప్పుడు హడావుడి పడేకంటే ఇప్పుడే నయం.

ఆధార్‌లో పేరు, అడ్మిషన్ రిజిస్టర్లో పేరు, అపార్ ఐడీలో (విద్యార్థి గుర్తింపు నంబరు) పేరు, మూడూ ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా, అమ్మ పేరులో ఎన్ని అక్షరాలు, అన్నీ చూడండి. నామినల్ రోల్ వెళ్లే ముందు పిల్లల చేత సంతకం పెట్టిస్తారు. పిల్లలు చూడకుండా పెడతారు! ఇంటికి కాపీ తెమ్మనండి, మీరే చదవండి. టెన్త్ మెమో మీద పడ్డ పుట్టిన తేదీ జీవితాంతం మీ పిల్ల పుట్టిన తేదీ. మార్పించడం ఎంత కష్టమో నా దగ్గర తిరిగిన వాళ్లని అడగాలి.

పదిలో చేరిన ఏడాది ఆగస్టు 31కి పద్నాలుగు నిండాలి. తొందరగా బడిలో వేసినవాళ్లు ఇది చూసుకోండి, తక్కువైతే మినహాయింపుకి దరఖాస్తు పెట్టాలి.

రెండు పుట్టుమచ్చలు కూడా రాయాలి. ఏటా ఈ ఒక్క కాలమ్ దగ్గర నాకు అరగంట పోయేది. 'మెడ మీద ఉంది సార్' అంటాడు, చూస్తే సిరా మరక. ఇంకో పిల్ల వీపు మీద ఉందంటుంది, అది ఎవరికి చూపిస్తుంది రేపు? చేతి మీదో మొహం మీదో కనిపించేవి వెతికి పెట్టుకోండి. టీసీలో రాసినవీ, మెమోకి ఇచ్చేవీ ఒకటే అయ్యుండాలి.

స్టడీ సర్టిఫికెట్లు కూడా. నాలుగు నుంచి పది దాకా ఎక్కడెక్కడ చదివిందో ఆ కాగితాలు తీసి పెట్టుకోండి. రేపు ఉద్యోగానికి లోకల్ అని చూపించాలంటే అవే అడుగుతారు. బడి మూతపడ్డాక వెతకడం నరకం.

సింగ్‌నగర్ గృహిణి (జూన్ 3)

నల్లకోటు గారూ, ఆఫీసు రూము గారూ, చాలా థాంక్సండి. దరఖాస్తు మీద ముద్ర అడగ్గానే వాళ్ల మాట మారింది. పుస్తకం తీశారు. రెండు నెలలు కట్టినట్టే ఉంది, ఒక నెల మాత్రం నిజంగానే బాకీ. అది కట్టేశాను, టీసీ ఇచ్చారు. మున్సిపల్ స్కూల్లో తెరిచిన రోజే చేర్చుకుంటామన్నారు. బాబు పాత స్కూలు ఫ్రెండ్స్ గురించి ఏడుస్తున్నాడు, దానికి సెక్షన్ ఏదీ లేదనుకుంటా.

మిర్చి యార్డ్ (జూన్ 4)

మా వాడి స్కూలుకి పోయి లైబ్రరీ చూపించమన్నా. రిసెప్షన్లో అమ్మాయి 'డిజిటల్ లైబ్రరీ ఉంది సార్' అంది. అదెక్కడ అంటే టీవీ చూపించింది.

కొరిటెపాడు నాన్న (జూన్ 15)

ఆలస్యంగా రాస్తున్నా, ఇల్లు మారే గొడవలో ఉన్నాం. కొత్తపేట ఎయిడెడ్ స్కూల్లోనే చేర్పించాం.

రూల్స్ అక్కడా ఉన్నాయి. రెండు జడలు అక్కడా ఉన్నాయి. కాకపోతే కాగితం ఒక్కటే, అదీ వెనకా ముందూ. మరుగుదొడ్లు చూడటానికి వాళ్లమ్మ లోపలికి వెళ్లింది. నీళ్లున్నాయి, ఒక తలుపుకి గడియ లేదు. హెడ్మిస్ట్రెస్ గారికి ఆ మాట చెబితే నోట్ చేసుకున్నారు. లైబ్రరీ రెండు బీరువాలు, తాళం తొమ్మిదో తరగతి లీడర్ దగ్గర ఉంటుందట. టీచర్ గారు చెప్పారని ప్రత్యేకంగా అడిగాను. సైన్సు ల్యాబ్ మాత్రం బాగా లేదు, దుమ్ము.

పీడీ మేడం అమ్మాయిని గ్రౌండ్‌లో రెండు రౌండ్లు పరిగెత్తమన్నారు. చెప్పులతోనే పరిగెత్తింది. 'రేపు బూట్లు తెచ్చుకో' అన్నారు, అంతే. ఆ రాత్రి నాతో మాట్లాడింది.

ఆటో నలుగురం కలిసి మాట్లాడుకున్నాం. ఐదుగురు పిల్లలు, నెలకి కొంచెం ఎక్కువే పడుతోంది. స్టడీ అవర్ లేదు, ఐదు లోపు ఇంటికి వచ్చేస్తుంది. లెక్కలకి సాయంత్రం ట్యూషన్ పెట్టాలేమో ఇంకా తేల్చుకోలేదు, మిర్చి యార్డ్ అన్న చెప్పిన భయం నాకూ ఉంది.

ఆఫీసు రూము (జూన్ 15)

సంతోషం. స్కాలర్‌షిప్ పోర్టల్ తెరిచారో లేదో వారానికోసారి బడిలో కనుక్కోండి, వాళ్లే పిలుస్తారని కూర్చోవద్దు. అమ్మాయి పేరు మీద బ్యాంకు ఖాతాకి ఆధార్ కలిపారా? ఖాతా ఊళ్లో బ్రాంచిలో ఉంటే ఉండనివ్వండి, మార్చక్కర్లేదు. కానీ అందులో ఫోన్ నంబరు మీది ఇప్పటి నంబరేనా చూడండి.

కొరిటెపాడు నాన్న (జూన్ 15)

పాత నంబరు ఉందండి. శనివారం ఊరెళ్లి మార్పిస్తా.